గంజి పెట్టిన శాలువ

మా అవ్వ చేతికి చిక్కిన బట్ట ప్రాణాలతో బయటపడడం కష్టం. అవ్వ అంటే అమ్మే, మా సిరిసిల్లలో అమ్మను అట్లాగే పిలుస్తాం. మురికి అంటే ఆమెకు పగ. కాగే నీళ్ళల్లో నానబెట్టి, సబ్బు పట్టించి, ఇంటివెనుక బండకేసి బాది, చిక్కటి గంజిలో ముంచి, దండెం మీద నాలుగు మూలలూ లాగి ఆరేస్తే తప్ప ఆమె లెక్కలో అది ఉతకడం కాదు. నా బడి లంగాలు నేను తొడుక్కోకపోయినా నిలబడేవి. "నీ లంగ నీకంటె ముందే బడికొస్తది" అని దోస్తులు ఎగతాళి చేస్తే ఇంటికొచ్చి అవ్వతో కొట్లాడేదాన్ని. ఆమె బీడీల చాటలో తునికాకు కత్తిరించుకుంటూ, తలైనా ఎత్తకుండా, "నేతోళ్ళ పిల్లవు. నలిగిన బట్ట కట్టుకోని పోతే మీ తాత ఇజ్జత్ ఏం గావాలె?" అనేది. ఆ మాట విన్నా అరిచేదాన్ని, అది నా గుణం.

ఆ చేతులే ఒకసారి, మళ్ళీ దొరకని వస్తువును పాడుచేశాయి. పూర్తిగా ప్రేమతోనే చేశాయి. దాంట్లో నా తప్పు కూడా ఉంది, అది కూడా దాచకుండా చెప్తాను.

మా అక్కను కోరుట్లకిచ్చారు. బావ దుబాయిలో ఉండేవాడు. ఇంటి ముందరి గది ఖాళీగా ఉండేది కాబట్టి చలికాలం రాగానే దాన్ని శాలువలు అమ్మే ఒకాయనకు కిరాయికి ఇచ్చేది. ఆయనది హిమాచల్ కొండల్లో కులూ దగ్గర ఏదో ఊరు. దీపావళి కాగానే రెండు పెద్ద మూటలతో దిగేవాడు. సైకిల్ మీద మూట కట్టుకొని కోరుట్ల, జగిత్యాల తిరిగేవాడు, ఒక్కోసారి గొల్లపల్లి దాకా పోయేవాడు. ఎండలు ముదరకముందే వెళ్ళిపోయేవాడు. నలభై ఏళ్ళు ఉంటాయేమో. అందరం భయ్యా అనే పిలిచేవాళ్ళం. ఎనిమిది చలికాలాలు మామధ్య గడిపినవాడు కాబట్టి సగం హిందీ, సగం కోరుట్ల తెలుగు కలిపి మాట్లాడేవాడు.

భయ్యా తన సరుకును పొగిడేవాడు కాదు. ఎవరైనా శాలువ అడిగితే దాన్ని తిరగేసి ఒళ్ళో వేసేవాడు. "ముందు కాదమ్మా, వెనక దేఖో" అనేవాడు. మిషన్ పనైతే వెనుక దారాలు వేలాడతాయి, చేతిపనైతే వెనుక కూడా ముందులాగే ఉంటుంది. అంతవరకే చెప్పి ఊరుకునేవాడు. ఎక్కువమంది వెనుక చూసి, ముందు చూసి, పక్క దుకాణంలో మిషన్ శాలువ కొనుక్కునేవాళ్ళు. ఆయనకు కోపం వచ్చేది కాదు. నాకొచ్చేది. నేత ఇంట్లో పుట్టి, నేతంటే పారిపోయి జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నదాన్ని, నాకెందుకు కోపమో నాకే తెలియదు.

తెలంగాణ ఇస్తామని ప్రకటన వచ్చి, మా మొహాల మీద గులాలు కడుక్కోకముందే అది వెనక్కి పోయిన చలికాలం అది. కాలేజీలు మూశారు. జగిత్యాలలో రోజూ ఊరేగింపులే. నేనూ పోయాను, గొంతు పోయేదాకా అరిచాను. అరవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కదా, అందరూ నన్నే ముందు నిలబెట్టేవాళ్ళు. నాలుగైదు రోజులకు అన్నం చూస్తే కడుపులో తిప్పడం మొదలైంది. ఎండలో తిరిగినందుకేమో అనుకున్నాను. హాస్టలు ఖాళీ చేయిస్తుంటే కోరుట్ల బస్సొకటి దొరికింది, ఎక్కి అక్క ఇంటికి చేరాను. అక్క నా మొహం చూడగానే కిందిరెప్ప లాగి, "అయ్యో, పసిరికలే! కండ్లు పసుపు ముద్దలైనయి" అంది. పసిరికలంటే పచ్చకామెర్లు.

మరునాటినుంచి బస్సులు డిపోల్లోంచి కదలలేదు. నాకు లేచి నిలబడే శక్తి పోయింది. అవ్వ ఫోన్‌లో ఒకటే మాట, "పిల్లను ఎట్లన్న జేసి పంపు, ఈడ పసరు పోసేటామె ఉన్నది" అని. అక్క చంకలో ఆరు నెలల పిల్లాడు. ఆమె కదలలేదు. చివరికి పక్కింట్లో పాలడబ్బాలు మోసే ట్రాలీ ఆటో నడిపే అతన్ని బతిమాలింది. పాలబండిని ఎవరూ ఆపరు. అతను సరేనన్నాడు, కాని సోయి లేని ఆడపిల్లను ఒక్కదాన్ని వెనుక వేసుకొని పోనన్నాడు. ముందరి గదిలోంచి భయ్యా అప్పుడే సైకిల్ బయటికి తీస్తున్నాడు. మాటలు విని సైకిల్‌ను మళ్ళీ లోపల పెట్టి తాళం వేశాడు. "మై జాతా అక్కా. శాలువ ఆజ్ నహీతో కల్ అమ్ముత" అన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళం ఏడుస్తుంటే ఆయన తాళంచెవి జేబులో వేసుకొని బండి ఎక్కి కూర్చున్నాడు. ఆ మేలు నేను ఈ జన్మలో మరువను.

పొద్దున్నే బయలుదేరాం. ఖాళీ పాలడబ్బాల మధ్య గోనెసంచి మీద నేను, పక్కన భయ్యా. గాలి ఈడ్చి కొడుతోంది. నా పళ్ళు టకటక కొట్టుకుంటుంటే భయ్యా తన ఒంటిమీది శాలువ తీసి నా చుట్టూ రెండు చుట్లు చుట్టాడు. అమ్మే శాలువ కాదది, ఆ యేడు ఎప్పుడు చూసినా ఆయన భుజం మీదే ఉండేది. రంగు వేయని బూడిదరంగు ఉన్ని, రెండు కొసలా జానెడు అంచు, అంచులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ డైమండ్లు. పొయ్యి పొగ వాసన, గొర్రె వాసన కలిసి వచ్చేది. దాంట్లోకి ముడుచుకోగానే ఒళ్ళంతా వెచ్చబడింది. మంచి మనిషి, మంచి శాలువ అని మనసులో అనుకున్నాను. అనుకొని రెండు మైళ్ళు పోయామో లేదో, రుద్రంగి దాటకముందే ఆ శాలువ మీదే కక్కాను.

సిగ్గుతో చచ్చిపోయాననిపించింది. భయ్యా తన రుమాలుతో తుడిచి, "గొర్రె మీద ఇస్సే జ్యాదా పడ్తది బేటీ. దానికి ఆదత్ ఉంది" అన్నాడు. నవ్వలేక ఏడ్చాను.

వేములవాడ దగ్గరపడుతుండగా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు. తెలంగాణకోసం ఊరు ఊరంతా రోడ్డు మీద వంట చేసుకొని అక్కడే తింటోంది. పడుచువాళ్ళు నలుగురు బండికి అడ్డం నిలబడ్డారు. "పాలబండంటివి, పాలేవి? మనుషులున్నరు గదనే!" అని ఒకతను డబ్బాలు తట్టి చూశాడు. గరిటె పట్టుకున్న పెద్దావిడ వచ్చి లోపలికి తొంగి చూసింది. "అయ్యో, పోరి కండ్లు సూడుండ్రి. పోనియ్యుండ్రి ముందుగాల" అంది. దారి ఇచ్చారు కాని, ఆ పడుచువాడు ఊరుకోలేదు. "భయ్యా, జై తెలంగాణ అను, అప్పుడు పోనిస్తం" అన్నాడు. భయ్యా డబ్బాల మధ్య లేచి నిలబడి, పిడికిలి పైకెత్తి, కొండలు దద్దరిల్లేటట్టు జై తెలంగాణ అన్నాడు. ఊపు ఆగక వెంటనే జై హిమాచల్ కూడా అన్నాడు. రోడ్డంతా గొల్లుమంది. ఆయన చేతిలో ఒక విస్తరి అన్నం పెట్టారు, నాకొక గ్లాసు మజ్జిగ ఇచ్చారు. ఆ మజ్జిగ కడుపులో నిలిచింది.

సిరిసిల్లలో దిగగానే భయం వేసింది, ఊళ్ళో చప్పుడు లేదు. మా దగ్గర మరమగ్గాలను సాంచెలంటాం. పుట్టినప్పటినుంచీ సాంచెల చప్పుడులోనే నిద్రపోయినదాన్ని. అవి బందైతే కాకి అరుపు కూడా వినపడుతుందని ఆ రోజే తెలిసింది. మా బాపు సాంచెలు నడిపేవాడు. పని లేక అందరితోపాటు వాకిట్లో నిలబడి ఉన్నాడు. నన్ను ఎత్తుకొని లోపలికి తీసుకుపోయాడు.

ఆటో అతను పొద్దుండగానే తిరిగిపోవాలని తొందరపడ్డాడు. భయ్యా కూడా ఎక్కబోతుంటే అవ్వ ఆయన మణికట్టు పట్టుకుంది. "నా బిడ్డను నా ఇంటికి తెచ్చినవు. బుక్కెడు తినకుంట ఎట్ల పోతవు కొడుకా?" అంది. అవ్వ బుక్కెడు అంటే రెండుసార్లు వడ్డించిన అన్నం, పైన పెరుగు. తినేసరికి ఆటో వెళ్ళిపోయింది. మరునాడు బంద్, ఆ మరునాడూ బంద్. అట్లా భయ్యా మా ఇంట్లో చిక్కుకుపోయాడు. మా అవ్వ మంచితనంతో వచ్చే చిక్కు ఎప్పుడూ అట్లాగే ఉంటుంది.

మా ఇంటి నడిమింట్లో తాత మంచం ఉండేది. సరిగ్గా ఆ మంచం కిందే ఒకప్పుడు ఆయన మగ్గం గుంట ఉండేది. సాంచెలొచ్చాక గుంట పూడ్చేశారు. తాత మాత్రం ఆ జాగా వదల్లేదు, మంచం అక్కడే వేయించుకున్నాడు. కళ్ళల్లో పొరలు కమ్మి మనిషి ఆకారం తప్ప కనబడేది కాదు. నన్ను పడుకోబెట్టాక భయ్యా శాలువను మళ్ళీ తన భుజాన వేసుకున్నాడు, పక్కన కూర్చోగానే దాని కొస తాత చేతికి తగిలింది. తాత మాట్లాడుతున్నవాడల్లా ఆగిపోయి, అంచు మీద వేళ్ళు నడిపించాడు. వెనుకవైపు కూడా నడిపించాడు.

"జకాటు మిషన్ పని గాదిది, చేతిపని. ఎవరు నేసిన్రు?" అన్నాడు.

"మా అమ్మ" అన్నాడు భయ్యా.

బాపు, నేను తెలుగు మాటలు అందిస్తుంటే మిగతాది చెప్పాడు. మంచు పడితే వాళ్ళ ఊళ్ళో పొలం పని ఉండదట. చలికాలమంతా ఆడవాళ్ళు మగ్గం ముందే ఉంటారట. పోయిన చలికాలం, ఈయన కోరుట్లలో ఉండగా, ఆమె కొడుకుకోసం ఇది నేసింది. మంచు కరిగే వేళకు ఆమె పోయింది. ఆమె చేతి ఆఖరి బట్ట ఇదే.

తాత వేలు అంచు మీద ఒకచోట ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ అక్కడికే వచ్చింది. "అన్ని డైమండ్లకు ఏడేడు మెట్లున్నయి. దీనికొక్కదానికి ఆరే. ఈడ ఆమె చెయ్యి తప్పింది" అన్నాడు.

భయ్యా నవ్వాడు, కళ్ళు మాత్రం తడిశాయి. ఆ తప్పు తనదేనట. కోరుట్లనుంచి ఫోన్ చేశాడట. ఫోను పక్కింట్లో ఉంటుంది. కొడుకు ఫోనని ఆమె మగ్గం విడిచి మంచులో పరుగెత్తింది, మాట్లాడి వచ్చి కూర్చుంది, లెక్క మరిచి ఒక మెట్టు వదిలేసింది. మళ్ళీ ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి చెప్పి, విప్పి సరిచేస్తానంటే తనే వద్దన్నాడట. "ఓ గల్తీ కోరుట్లది, తాతా" అన్నాడు. అవ్వ గడపలో నిలబడి అంతా విన్నది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మరునాడు పొద్దున చౌరస్తాలో పాటలు పాడేవాళ్ళు వస్తున్నారన్నారు. వాళ్ళ భుజాల మీద గొంగళ్ళు ఉంటాయని బాపు చెప్పగానే, ఇక్కడి ఉన్ని ఎట్లుంటుందో చూస్తానని భయ్యా ఆయన వెంట బయలుదేరాడు. ఎండెక్కింది కదా అని శాలువ దండెం మీద వేసి పోయాడు. దాని మీద నేను చేసిన మరక అట్లాగే ఉంది. వాళ్ళటు పోగానే అవ్వ శాలువ తీసుకొని పెరట్లోకి నడిచింది. నా మంచం పెరటి వసారాలో వేశారు, అంతా నా కళ్ళముందే జరిగింది. కాగే నీళ్ళు పోసింది, సబ్బు పట్టించింది. వద్దనాల్సినదాన్ని నేను వద్దనలేదు. ఇంకా, "మంచిగ రుద్దవ్వా, వాసన మొత్తం పోవాలె" అన్నాను. నా సిగ్గు పోవాలని నా ఆరాటం. నేను చెప్తానన్న తప్పు అదే.

బండకేసి బాదాక గంజి వంతు. నేను అప్పుడు మాత్రం అన్నాను, "ఉన్నికి గంజేందవ్వా?" అని. నన్ను చదువురాని దాన్ని చూసినట్టు చూసింది. "నూలుకు బియ్యం గంజి. ఉన్నికి చింతగింజల గంజి. డిగ్రీల గిది చెప్పలేదా?" అంది. ఆమె పుట్టిల్లు వీర్నపల్లి. వాళ్ళ ఇంటి పక్కనే గొంగళ్ళు నేసేవాళ్ళు ఉండేవాళ్ళు. గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తారు, అది పడితేనే గొంగడి వానకు, చలికి ఆగుతుంది. చిన్నప్పుడు వాళ్ళకోసం గింజలు దంచిన చేతులు కదా, ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు? కొడుకుకు తల్లి నేసిన ఆఖరి బట్ట అని నిన్న విన్నది, మామూలు ఉతుకుడు ఉతికితే ఆమె మనసొప్పదు. నాలుగిళ్ళు తిరిగి చింతగింజలు తెచ్చింది. వేయించి, పొట్టు తీసి, దంచి, ఉడకబెట్టి, వడగట్టింది. ఆ రోజు బీడీల చాట ముట్టుకోనేలేదు. గంజి పెట్టి, మూలలు లాగి, కొసలకు రాళ్ళు కట్టి దండెం మీద ఆరేసింది.

పగటి అన్నం వేళ దాటాక భయ్యా వచ్చాడు. మంచి హుషారుగా ఉన్నాడు. పాట పాడే అతను తన గొంగడి తీసి ఈయన భుజాన వేశాడట, అది చెప్తూ పెరట్లోకి అడుగు పెట్టాడు. అవ్వ ఎదురుపోయింది, మొహమంతా నవ్వు. "సూడు కొడుకా, కొత్తదానోలె ఐంది" అంది.

దండెం మీద శాలువ రేకులాగ నిలబడి ఉంది. భయ్యా దాన్ని చేత్తో ఎత్తితే కరకరమంది. పొడుగు, వెడల్పు రెండూ తగ్గాయి. డైమండ్ల మీద తెల్లటి పొర కట్టింది, ఉన్ని ఉండలు ఉండలుగా అతుక్కుపోయింది. ఆయన దాన్ని తీసుకొని బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు, ఒళ్ళో పరుచుకొని అంచు మీద వేళ్ళతో వెతికాడు. ఆ చివరినుంచి ఈ చివరకు, మళ్ళీ ఈ చివరినుంచి ఆ చివరకు. చాలాసేపటికి, ఎవరితోనో కాదు, తనలో తనే, "మా కా హాథ్ నహీ మిల్తా" అన్నాడు. అమ్మ చెయ్యి దొరకడం లేదు అని.

అవ్వ మొహం ఎట్లా మారిందో నేను చూశాను. హిందీ అంత రాదు ఆమెకు, ఆ ఒక్క మాట మాత్రం పూర్తిగా అర్థమైంది. అక్కడే మట్టిలో కూలబడింది. తలమీద కొట్టుకుంటూ, "సచ్చిపోయిన తల్లిని మళ్ళ సంపిన గదరా కొడుకా" అని ఏడ్చింది. నాకు జాలి రావాలి. కోపమొచ్చింది. "మంచితనం జెయ్యకుంటె నీకు పొద్దుపోదా?" అని మంచంలోంచే అరిచాను. రుద్దమన్నది నేనే అన్న సంగతి ఆ క్షణం గుర్తులేనట్టే అరిచాను. అవ్వ నా వైపు చూడలేదు.

నడిమింట్లోంచి తాత గొంతు వినపడింది. "ఏడ్సుడు తర్వాత. ముందుగాల నీళ్ళు పెట్టు. గంగాళం నా మంచం కాడికి తీస్కరా" అన్నాడు.

దారానికి గంజి పట్టించడంలోనే తాత బతుకంతా గడిచింది. గంజిని పోగొట్టడం కూడా ఆయనకు తెలుసు. గంగాళంలో నీళ్ళు పోశాక తన చెయ్యి పెట్టి, వేడని చల్లనీళ్ళు పోయించాడు, చల్లనని వేడినీళ్ళు పోయించాడు. "చెయ్యి పెడితె నీళ్ళున్నట్టే తెల్వద్దు. గట్లుండాలె" అన్నాడు. శాలువను అందులోకి జార్చి, "ఎవరు రుద్దద్దు. పిండద్దు. ఉత్తగ పట్టుకోండ్రి. గంజికి తొందర లేదు, మనకు లేదు" అన్నాడు. భయ్యాను పిలిచి ఒక పక్క కూర్చోబెట్టాడు. అవ్వ దూరంగా నిలబడింది. "నువ్వు గూడ రా. పెట్టిన చెయ్యే తియ్యాలె" అన్నాడు కోడలితో.

ఆ మధ్యాహ్నమంతా గంగాళంలో ఆరు చేతులున్నాయి. బాపు నీళ్ళు మోశాడు, పారబోశాడు. మొదట నీళ్ళు పాలలాగ తెల్లగా వచ్చాయి, తర్వాత మసకగా, పొద్దు వాలేసరికి తేటగా వచ్చాయి. మధ్యలో ఒకసారి భయ్యా వాళ్ళ అమ్మ గురించి ఏదో చెప్పాడు, తాత తన మగ్గం గురించి ఏదో చెప్పాడు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమై ఉంటుంది, ఇద్దరూ తలలు మాత్రం ఊపారు. తాత తన నూలు ధోవతి పరిపించి, తడి శాలువను దాంట్లో చుట్టించి, అరచేతులతో మెల్లగా ఒత్తించాడు. దండెం మీద వేయనీయలేదు. నీడలో, మంచం మీద పరిచి ఆరనిచ్చారు.

మరునాడు ఆరింది. గంజి పోయింది. మెత్తదనం వచ్చింది. కాని పొడుగులో మూరెడు, వెడల్పులో జానెడు పోనే పోయాయి. ఉన్ని దట్టంగా ముడుచుకుంది, డైమండ్ల అంచులు చెదిరాయి. తాత దాన్ని ఒళ్ళో వేయించుకున్నాడు. అంచు మీద వేలు పెట్టి నడిపించాడు. అందరం మంచం చుట్టూ చేరాం. సగం దాటాడు, వేలు ఎక్కడా ఆగలేదు. అవ్వ గోడకు ఆనుకొని కళ్ళు మూసుకుంది. చివర్లో, ఇంక నాలుగే మిగిలాయనగా, వేలు ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ అక్కడికే వచ్చింది.

"ఆరు. ఉన్నది కొడుకా. నీ కోరుట్ల ఫోను ఉన్నది" అన్నాడు.

భయ్యా వేలు తీసుకొని దాని మీద పెట్టాడు. భయ్యా చాలాసేపు వేలు తీయలేదు. తర్వాత లేచి, అవ్వ దగ్గరికి పోయి, "కోయి బాత్ నహీ అమ్మా, ఏం గాలే" అన్నాడు.

ఆ మరునాడు బండ్లు తిరిగాయి. భయ్యా బయలుదేరుతూ శాలువను మడిచి సంచిలో అడుగున పెట్టుకున్నాడు. చలి కొరుకుతున్నా ఉత్త కోటుతోనే ఎక్కాడు. బండి మలుపు తిరిగేదాకా అవ్వ చూస్తూ నిలబడింది. "భుజాన ఏస్కోలే" అంది. అంతే అంది. కాని ఆ యేడాది పొడుగునా అదే మాట. చింతగింజలు కనబడితే అదే మాట, దండెం తుడుస్తూ అదే మాట.

పసరుకో మజ్జిగకో నేను లేచి తిరిగాను, కాలేజీ తెరిస్తే పోయాను. ఎండాకాలంలో తాత పోయాడు, ఆ మగ్గం గుంట ఉన్న జాగాలోనే. అవ్వ గంజి పెట్టడం మానేసింది. బాపు చొక్కాలు నలిగి వేలాడాయి, నా కాటన్ డ్రెస్సులు పీలికల్లాగ అయ్యాయి. ఏ గంజి మీద చిన్నప్పటినుంచీ కొట్లాడానో ఆ గంజికోసం నేనే బతిమాలాను. "పెట్టవ్వా, ఎట్లనో ఉంటున్నయి" అంటే, "నా చెయ్యి మంచిది గాదు బిడ్డా" అనేది. రుద్దమన్నది నేనే కదవ్వా అని అప్పుడు చెప్పాను. ఆమె వినలేదు, తప్పంతా తనే ఉంచుకుంది. నాకు అరవబుద్ధి కాలేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. నేను ఇంట్లో ఉన్న ఒక ఆదివారం పొద్దున వాకిట్లో బూట్ల చప్పుడు. చూస్తే భయ్యా. కోరుట్ల పోలేదట, రైలు దిగి, బస్సెక్కి నేరుగా ఇక్కడికే వచ్చాడు. మూటలు గడపలో దించాడు. భుజం మీద అదే శాలువ. పొట్టిదైంది కాబట్టి నడుము దాకా వస్తోంది. దానికి రైలు మసి, టీ మరకలు, అంచులో మట్టి.

తాత ఖాళీ మంచం చూసి, దాని పట్టె మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత నవ్వు తెచ్చుకొని చెప్పాడు. ఊళ్ళో ముసలమ్మలకు ఈ శాలువ చూపించాడట. వాళ్ళు పడీ పడీ నవ్వారట. కోటు గుడ్డ నేశాక వాళ్ళు కూడా దాన్ని వేడినీళ్ళల్లో వేసి కాళ్ళతో తొక్కుతారట, ఉన్ని ముడుచుకొని గాలి దూరకుండా గట్టిపడాలని. "మీ అమ్మ వదిలిన పని ఎవరో పూర్తి చేసిన్రు అన్నరు. గంజి సంగతి మాత్రం చెప్పలే అమ్మా, షరమ్ ఐంది" అన్నాడు. బాపు నవ్వాడు. అవ్వ నవ్వలేదు, శాలువ వైపే చూస్తోంది.

భయ్యా భుజం మీంచి దాన్ని తీసి, మడిచి, అవ్వ ముందు పట్టాడు. "మైలైంది. యాడాది సంది ఎవరిని ముట్టనియ్యలే. నువ్వే ఉతకాలె అమ్మా."

అవ్వ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "వద్దు కొడుకా. నా చేతికియ్యకు. గిప్పుడు మామ గూడ లేడు" అంది.

"తాత నీకే చెప్పిండు గదా. ఔర్ ఎవరికి తెలుసు?" అన్నాడు. చెయ్యి చాచే ఉంచాడు.

అవ్వ చేతులు ముందుకు తెచ్చి కొంగుకు తుడుచుకుంది. చివరికి తీసుకుంది. గంగాళంలో నీళ్ళు పోసింది, చెయ్యి పెట్టి చూసింది, చల్లనీళ్ళు కలిపింది, మళ్ళీ వేడివి కలిపింది. "చెయ్యి పెడితె నీళ్ళున్నట్టే తెల్వద్దు" అని తాత మాట తనకు తనే చెప్పుకుంది. రుద్దలేదు, పిండలేదు. బీరువాలోంచి తాత ధోవతి తీసి అందులో చుట్టి ఒత్తింది. నీడలో మంచం మీద పరిచింది. పరిచి, అంచు వెంట వేలు నడిపించింది. ఆగిన చోట కాసేపు అట్లాగే కూర్చుంది. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, శాలువ మీద పడకుండా మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది.

మరునాడు తెల్లవారుజామున వంటింట్లో బియ్యం గంజి వాసనకు మెలకువ వచ్చింది. అవ్వ నా డ్రెస్సును, చున్నీని పట్టుకొని పెరట్లోకి పోతోంది. ఎండ రాగానే ఆరేసింది, నాలుగు మూలలూ లాగి. నేను తొడుక్కుంటే చున్నీ భుజాల మీద రేకులాగ నిలబడింది. భయ్యా చూసి, నవ్వు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఒక్క మాట అనకుండా, ఎక్కడా నలగకుండా చూసుకుంటూ, జగిత్యాల బస్సెక్కాను.